రెండు డబ్బాల మధ్య ఒక వైరు

సైనిక్‌పురిలో మేం పై వాటాలో అద్దెకుండేవాళ్లం. కింద ఇంటివాళ్లు, భార్యాభర్తలిద్దరే. ఆయన సైన్యంలో టెలిఫోన్ లైన్లు వేసి రిటైరైన మనిషి. తన అత్తగారు, అంటే ఆంటీ వాళ్లమ్మ, పాడిన బతుకమ్మ పాటల్ని ఏళ్ల తరబడి వీడియో తీసి, హాల్లో టీవీ పక్కన ఒక స్టోరేజ్ డబ్బాలో దాచారు. అందులో రెండు డిస్కులు, రెండింటిలోనూ అవే ఫైళ్లు.

ఒక శుక్రవారం నేను ఆఫీసు బస్సు దిగేసరికి ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.

"బిడ్డా, డబ్బా మీద ఎర్ర లైటు ఎలుగుతున్నది. జెర చూస్తవా?"

చూశాను. ఒక డిస్కు పోయింది. రెండోదీ పోతే పాటలన్నీ పోయినట్టే, వేరే కాపీ లేదు. ఆ తల్లి చనిపోయి అప్పటికి ఏడాది. ఆంటీ నా మొహంలోకే చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే ఆయన, నేను స్కూటర్ మీద సికింద్రాబాద్‌లోని కార్ఖానా బజారుకి వెళ్లి కొత్త డబ్బా తెచ్చాం. రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టాను. "గంటలో అయిపోద్ది అంకుల్, ఎంత పని!" అన్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, ఆ మాత్రం ధీమా ఉంటుంది. సోఫాలో కూర్చుని, నా లాప్‌టాప్‌లో పాత డబ్బా తెరిచి, ఫైళ్లన్నీ కొత్తదానిలోకి కాపీ పెట్టాను. కాసేపు లెక్కలు వేసుకుని తెర మీద తేలిన జవాబు: ఆరు రోజులు.

మిగిలిన ఆ ఒక్క డిస్కు ఆరు రోజులు ఆగకుండా తిరగాలి. తెర ఆయన వైపు తిప్పాను. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు.

"ఫైలు ఎటు పోతున్నది? దారి చెప్పు."

చెప్పాను. పాత డబ్బా నుంచి వైఫై మీద, గాలిలో నా లాప్‌టాప్‌కి, అక్కణ్నుంచి మళ్లీ గాలిలోనే కొత్త డబ్బాకి.

"ఏందీ? పక్కింటికి సామాను పంపనీకి స్టేషన్ దాకా పోయి రావాల్నా? రెండింటి నడుమ వైరు ఎయ్యరాదా?"

సిగ్గేసింది. రోజూ ఆఫీసులో నెట్‌వర్కుల మధ్యే బతికేవాణ్ని, నాకు తట్టనేలేదు. కాపీ ఆపేశాను. ఆయన అటక మీది రేకు పెట్టె దింపి, అందులోని నెట్‌వర్కు వైరు ముక్క కోసి, చివర్లకి ప్లగ్గులు బిగించారు. డెబ్బై దాటినా చెయ్యి వణకలేదు. లాప్‌టాప్‌ను మధ్యలోంచి తప్పించి, పాత డబ్బాయే నేరుగా కొత్తదానికి పంపేలా నేను సెట్ చేశాను. ఈసారి ఆరు గంటలు చూపించింది.

"గిట్ల చెప్పు మరి!" అన్నారాయన.

మధ్యాహ్నం కరెంటు పోతుందని తెలిసి, అప్పుడు ఇన్వర్టర్ మీద భారం పడకూడదని ఆయన ఇంట్లో మిక్సీ, ఫ్రిజ్, టీవీ అన్నీ బంద్ చేయించారు. ఆంటీ రోట్లో పచ్చడి నూరింది. మా ఆవిడ పైనుంచి పప్పుచారు తెచ్చింది. మధ్యాహ్నం అనుకున్నట్టే కరెంటు పోయింది. నలుగురం ముద్ద చేతిలో పట్టుకునే డబ్బాల వైపు తిరిగాం. లైట్లు మినుకుమంటూనే ఉన్నాయి. ఆంటీ గట్టిగా ఊపిరి వదిలింది.

సాయంత్రం ఐదు దాటాక అయిపోయింది. రెండు వైపులా ఫైళ్ల సంఖ్య సరిచూశాను, సరిపోయింది. "ఒకటి పెట్టు బిడ్డా, నాకు నమ్మకం కావాలె" అంది ఆంటీ. కొత్త డబ్బాలోంచి ఒక పాట టీవీలో పెట్టాను. పెరట్లో పీట మీద కూర్చుని ముసలమ్మ పాడుతోంది. మధ్యలో ఒక చరణం మరిచిపోయి ఆగి, కెమెరా వైపు చూసి నవ్వింది. సోఫాలో ఉన్న ఆంటీ ఆ చరణం అందుకుంది.

"ఏటి పిన్నీ, ఇంత బాగా పాడతారా!" అంది మా ఆవిడ. "మాకూ నేర్పండి."

ఆ పూటే షురూ అయింది పాఠం. అంకుల్, నేను వరండాలో కూర్చుని టీ తాగుతూ విన్నాం.