పాల జగ్గు మీది నాలుగు పేర్లు

2007లో, అమెరికాలోని క్యారీ అనే ఊళ్ళో మా పక్కింటి పెద్దావిడ ఇల్లు అమ్మేసి వృద్ధాశ్రమానికి వెళ్తూ నాకొక వెండి పాల జగ్గు ఇచ్చింది. అరచేతిలో పట్టేంత జగ్గు, అడుగున ఇంగ్లండు వెండికి కొట్టే బుల్లి సింహం ముద్ర. వాళ్ళ ముత్తమ్మమ్మ ఓడలో వెంట తెచ్చుకున్నదట. జగ్గు ఒక పక్క ఒకదాని కింద ఒకటి, తోమి తోమి కాస్త అరిగిన నాలుగు పేర్లు చెక్కి ఉన్నాయి: ముత్తమ్మమ్మ, అమ్మమ్మ, అమ్మ, చివర ఈవిడ. ఆవిడకు పిల్లల్లేరు.

"కింద ఖాళీ ఉంది చూడు హనీ, నీ పేరు చెక్కించుకో" అంది.

మా అమ్మ స్టీలు గిన్నెలన్నిటి మీదా పేరు కొట్టించేది. అందుకని ఆ మాట విలువ నాకు బాగానే తెలిసింది. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. ఏం లాభం!

ఆ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి జగ్గును అమ్మవారి ముందు పెట్టాను, పేర్లు గోడవైపు తిప్పి. అప్పటికే నా బుద్ధి అలా ఉంది మరి. పేరంటానికి వచ్చిన ఒక స్నేహితురాలు వాళ్ళ తాతల నాటి వెండి గురించి గంటసేపు చెప్పి, జగ్గు చూసి నవ్వింది.

"ఇదెక్కడిది అక్కా, గరాజ్ సేల్‌లో పాత సామాన్లలో పిక్ చేశారా?"

మాకు తాతల నాటి చెంచా కూడా లేదు. ఒళ్ళు మండిపోయింది. "మా ముత్తాతకు దొరగారు ఇచ్చింది" అనేశాను. అడుగున ఉన్న సింహాన్ని చూపించాను. అందరూ "అబ్బో!" అన్నారు. సిగ్గు లేకుండా ఎంత పొంగిపోయానో.

మర్నాటి నుంచి భయం పట్టుకుంది. మళ్ళీ ఎవరైనా వచ్చి జగ్గు తిప్పి చూస్తే? వెండి పనిచేసే అతని దగ్గరకు తీసుకెళ్ళాను. "ఇవి చెరిపితే మళ్ళీ రావు" అని రెండుసార్లు చెప్పాడు. తెలుసన్నాను. నలుగురినీ అరగదీయించి, ఆ చోటే నా పేరొక్కటే చెక్కించుకున్నాను.

ఏడాది తిరక్కుండా పెద్దావిడ ఫోన్ చేసింది. చూపు పూర్తిగా పోయిందట. "జగ్గు ఒక్కసారి తీసుకురా హనీ, మా అమ్మ పేరు తడిమి చూసుకోవాలనుంది" అంది. ఎన్ని వంకలు చెప్పగలను? రెండు వారాలు తప్పించుకుని, చివరికి వెళ్ళాను.

ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో మెల్లగా వెతికింది. మళ్ళీ వెతికింది.

"మా అమ్మేది?"

నిజం నోటిదాకా వచ్చింది. "అరిగిపోయిందండీ" అన్నాను.

ఆవిడ జగ్గును అరచేత్తో ఒకసారి నిమిరింది. ఆ తర్వాత, "తప్పు నాదే. మరీ గట్టిగా తోమకే అని మా అమ్మ మొత్తుకునేది. నలభై ఏళ్ళు ప్రతి ఆదివారం తోమాను" అంది. ఆవిడ వేలు నా పేరు మీద ఆగింది. "నీది బాగా లోతుగా దిగింది. మంచిదే. కానీ మావాళ్ళ పేర్లు నీదాకా రానివ్వలేదు నేను. సారీ, హనీ."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఫర్వాలేదండీ" అన్నాను.