గంగాప్రసాద్ గారి ఎడమ గట్టు

జర్మనీలో ఎనభై ఏళ్ళ కిందట కూలిన అమెరికా విమానం ఎక్కడ పడిందో, విజయవాడ సత్యనారాయణపురంలో మేడ మీద గదిలో కూర్చుని తేల్చేసిన మహానుభావుడు గంగాప్రసాద్ గారు. ఆయన ఎప్పుడైనా విమానం ఎక్కారా అని మాత్రం అడక్కండి. గన్నవరం విమానాశ్రయం గేటు కూడా దాటలేదు. ఈ మాట గిట్టనివాళ్ళు అన్నది కాదు, ఆయనే చెప్పుకుంటారు. ఈమధ్య తనను తాను తిట్టుకోవడంలో ఆయనకు బాగా చెయ్యి తిరిగింది.

నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశారు. గట్లు, తూములు, నీళ్ళాపే తలుపుల లాకులు, అదే లోకం. రిటైరయ్యాక కంప్యూటరు నేర్చుకుని, ఓ రోజు ఏదో వెతకబోయి ఇంకేదో చదివారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఫైటర్ బాంబర్లు ఒక నది మీది లాకును ఒక్క పూటలో తుక్కుతుక్కు చేశాయట. చదివేసరికి ఒళ్ళు మండిపోయింది.

"లాకంటే ఏమనుకున్నారు వీళ్ళు? ఒక్క తలుపు బిగించడానికి నాకు నలభై రోజులు పట్టింది!" అని భార్య మీద ఎగిరారు.

"బాంబు నేనేశానా ఏంటండీ? కాఫీ చల్లారిపోతోంది, తాగండి" అంది నాగమల్లేశ్వరి గారు.

ఆ కోపమే తొమ్మిదేళ్ళ పరిశోధన అయి కూర్చుంది. తమ సైన్యానికి దారి చేస్తూ వంతెనలనూ రైళ్ళనూ కొట్టిన ఆ విమాన దళాల రోజువారీ రిపోర్టులు ఇంటర్నెట్లో బోలెడు ఉన్నాయి. తిట్టడానికి మొదలుపెట్టిన మనిషి, ఆ పైలట్ల వయసులు చూసి మెత్తబడిపోయారు. ఇరవై ఒకటి, ఇరవై మూడు, మహా అయితే పాతిక. ఎవరు ఏ రోజు ఎగిరారో, ఎవరు తిరిగి రాలేదో నోట్‌బుక్కుల్లోకి ఎక్కించుకుంటూ పోయారు.

అక్కడితో ఆగినా పరువు దక్కేది. "సైనిక వైమానిక చరిత్రకారులు" అని విజిటింగ్ కార్డులు కొట్టించారు. రెండొందల్లో పంచింది పదకొండు, అందులో మూడు ఇస్త్రీ బండి అతనికే వెళ్ళాయి. విదేశీ పరిశోధకుల గ్రూపులో ఎవరో పొరపాటున ఈయన్ని ప్రొఫెసర్ అంటే దిద్దలేదు. టైపింగు రాక కాదు, బ్రహ్మాండంగా వచ్చు. ప్రతి మెయిలూ "నిస్సందేహంగా" అన్న మాటతో ముగించేవారు.

అలాంటి రోజుల్లో అమెరికా నుంచి కారొలిన్ అనే ఆవిడ రాసింది. వాళ్ళ నాన్న లెఫ్టినెంట్ వాల్డెన్ పంతొమ్మిది వందల నలభై నాలుగు డిసెంబరులో ఆ నది దగ్గరే కూలిపోయాడు. దేహం దొరకలేదు. అప్పటికి ఆమె రెండు నెలల పిల్ల, ఇప్పుడు ఎనభై. "ఒక్కసారి ఆయన పడిన చోట నిలబడి పూలు పెట్టాలి. అంతకు మించి ఏమీ వద్దు. ఆ చోటు చెప్పగలరా?" అని అడిగింది.

పక్క విమానం పైలట్ రాసిన రిపోర్టు గంగాప్రసాద్ గారి దగ్గర ఉంది. "నదికి ఎదురుగా, ఎగువకు వెళ్తున్నాం. లాకు దాటగానే వాల్డెన్ విమానం నదికి ఎడమ పక్కన పొలంలో పడింది." ఇంకేం కావాలి? ఎడమ గట్టున, లాకుకు ఎగువన ఉన్న బీట్‌రూట్ పొలాన్ని గుర్తుపెట్టి, రంగుల మ్యాపు గీసి, నిస్సందేహంగా అని రాసి పంపేశారు. ఆ మ్యాపు చూసి అక్కడి జర్మనీ ఊరివాళ్ళు ముచ్చటపడి ఎడమ గట్టున ఓ రాయి కూడా నిలిపారు. రాతి అడుగున "పరిశోధన: ప్రొఫెసర్ గంగాప్రసాద్, ఇండియా" అని చెక్కించారు. ఆ ఫొటో ఈయన ఫోను తెర మీదికి ఎక్కింది. ఆదివారం ఆవిష్కరణ, కారొలిన్ వస్తోంది.

ఆ ముందటి మంగళవారం ఉయ్యూరులో వదినగారింట్లో భోంచేసి, భార్యాభర్తలు స్కూటరు మీద బెజవాడ తిరిగొస్తున్నారు. యనమలకుదురు దగ్గర బందరు కాలువ గట్టెక్కి, నీళ్ళకు ఎదురుగా పోతున్నారు.

"ఏవండీ, ముందు ఎడమ గట్టున కొబ్బరి బొండాల బండి ఉంటుంది, ఆపండి" అంది నాగమల్లేశ్వరి గారు.

గంగాప్రసాద్ గారు బుద్ధిగా వంతెన దాటి అవతలి గట్టుకు పోయారు. అక్కడ బండీ లేదు, బొండామూ లేదు. బండి ఇవతలే, వదిలేసి వచ్చిన గట్టునే ఉంది.

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది! పక్కనే ఉన్న బండిని వదిలేసి వంతెనెక్కారేంటండీ?"

"ఎడమ గట్టన్నావుగా. నీళ్ళు పోయే దిక్కుకు మొహం పెట్టి నిలబడితే ఎడం చేతి వైపుది ఎడమ గట్టు. మనం ఎటు పోతున్నా అంతే. మా శాఖలో పద్ధతది."

"శాఖలో మీరున్నారు, నేను స్కూటరు మీదున్నాను! కూర్చున్నదాన్ని నా ఎడమ చెయ్యి చూసుకుని చెప్తాను గానీ, నీళ్ళెటు పోతున్నాయో తొంగి చూస్తానా?"

గంగాప్రసాద్ గారు వెనక్కి మళ్ళి, సగం దారిలో స్కూటరు ఆపేశారు. వంతెన మధ్యలో కాళ్ళు ఆనించి అలాగే ఉండిపోయారు. ఎగువకు పోతున్న విమానంలో కూర్చున్న కుర్రాడు మాత్రం నీళ్ళు చూసి ఎడమ అని రాస్తాడా? వాడూ తన ఎడమ చెయ్యే చూసుకున్నాడు. వాల్డెన్ పడింది కుడి గట్టున. ఆ రిపోర్టును నూరుసార్లు చదివి, నూరుసార్లూ వర్క్ ఇన్‌స్పెక్టరుగానే చదివాడు ఈ ప్రొఫెసరు.

ఇంటికొచ్చాక మనసు బేరాలు మొదలుపెట్టింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? రాయి నిలిపేశారు. పెద్దావిడ ఎక్కడ పూలు పెట్టినా పూలే కదా! నిజానికి ఆయన బెంగంతా ఆ రాయి మీద పేరు గురించి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. బుధవారమంతా అన్నం సయించలేదు.

ఆయన గోడు విని నాగమల్లేశ్వరి గారు ఒక్కటే అడిగింది. "ఆవిడ అంత దూరం వస్తోంది మీ పేరు చూడ్డానికా, వాళ్ళ నాన్న పడ్డ చోటు చూడ్డానికా?"

గురువారం పొద్దున కారొలిన్‌కు మెయిలు రాశారు. తప్పెలా జరిగిందో, కొబ్బరి బొండాల బండితో సహా రాశారు. తాను ప్రొఫెసర్ కాదని, కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశానని, క్షమించమని రాశారు. జవాబు రాలేదు. శుక్రవారం లేదు, శనివారం లేదు. ఆయన ఫోను తెర మీది రాయిని తీసేసి మనవరాలి ఫొటో పెట్టుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి వీడియో కాల్ వచ్చింది. తెల్ల జుట్టు, మెడకు ఎర్ర మఫ్లరు, చేతిలో పూలు. వెనకాల నది.

"మీ ఉత్తరం చదివాను. రాయి దగ్గర అందర్నీ ఆగమని చెప్పి, వంతెన దాటి ఇటు వచ్చేశాను" అంది కారొలిన్. "ఇప్పుడు సరైన చోట ఉన్నానా, ఇన్‌స్పెక్టర్?"

తొమ్మిదేళ్ళు అలవాటైన మాట గంగాప్రసాద్ గారి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశారు.

"నూటికి ఎనభై పాళ్ళు ఉన్నారమ్మా. మిగతా ఇరవై నాకు తెలీదు."

ఆవిడ కాళ్ళ కింది మట్టి వైపు చూసింది.

"చిన్నప్పటి నుంచీ అందరూ మా నాన్న గురించి నాకు నూరు పాళ్ళు చెప్పారు" అంది. "నవ్వుతూ పోయాడన్నారు, నొప్పే తెలియలేదన్నారు. ఒక్కటీ నమ్మలేకపోయాను. మీ ఎనభై నమ్ముతాను."

వంగి పూలు మట్టిలో పెట్టింది. గంగాప్రసాద్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉంటే నాగమల్లేశ్వరి గారు ఫోను పట్టుకుంది. నదికి అవతల, ఎడమ గట్టున, ఆయన పేరున్న రాయి చుట్టూ జనం ఎదురుచూస్తున్నారు. కారొలిన్ అటు చూడలేదు, ఈయనా చూడలేదు.