గుడ్డికొంగ లేచిన చోటు

నీరడి పోశయ్యను ఊరంతా చెరువు పిట్ట పేరు పెట్టి గుడ్డికొంగ అనేది. చెరువు కట్టనూ తూమునూ కనిపెట్టుకుని ఉండే పని ఆయనది. కళ్లకేమో శుక్లాలు ముదిరి ఎదుటి మనిషే మసక. పేరు పెట్టడానికి ఊరి సొమ్మేం పోయింది! "జర కండ్లు కనవడేటోన్ని పెట్టాలె" అని సర్పంచి వెంకట్రాజం మూడు నెలలుగా అంటూనే ఉన్నాడు.

ఎనభై మూడు వానాకాలం. కేసముద్రం దాపున ఆ చెరువు నిండి, మిగులు నీళ్లు మత్తడి మీంచి దుంకుతున్నాయి. సరిగ్గా కట్ట కిందే పోశయ్య బిడ్డ సమ్మమ్మ ఇల్లు, ఇంట్లో తొమ్మిది రోజుల పసిగుడ్డు.

వాన తెరిపిచ్చిన పొద్దున పోశయ్య కట్ట మీద నడుస్తున్నాడు. బయటివైపు, నీళ్లుండకూడని వైపు, గడ్డిలోంచి తెల్లగా ఏదో లేచి, కాస్త అవతల వాలి మాయమైంది. ముసలాయన కర్ర టకటకలాడిస్తూ సర్పంచి ఇంటికి ఉరికాడు.

"పటేలా, కట్టకు బుంగ పడ్డది. కింద గుడ్డికొంగ లేసింది!"

వెంకట్రాజం పకపకా నవ్వాడు. "గుడ్డికొంగ గుడ్డికొంగను సూసిందా? బర్ల ఎంబడి తిరిగే తెల్లకొంగ అయ్యుంటది, పో."

"తెల్లకొంగైతే కూసున్నా తెల్లగనే ఉంటది గదా! ఇది లేసినప్పుడే తెల్లగైంది, వాలంగనే మట్టిల కలిసింది. తెల్లకొంగ మిడతల కోసం ఏడనన్న తిరుగుతది. గుడ్డికొంగకు నీళ్లు గావాలె, చేప గావాలె. కట్ట కింద దానికేం పని పటేలా?"

సర్పంచి నవ్వు ఆపి, పారలు తెమ్మని జనాన్ని కేకేశాడు.

పదిమంది పారలతో వచ్చారు. గడ్డి తొలగిస్తే వేలెడంత ధార. "ఊట నీళ్లే, ఫికర్ లేదు" అన్నారెవరో. పోశయ్య దోసిట పట్టి వేళ్లతో నలిపాడు. ఇసుక గరగరలాడింది.

"కట్ట కరుగుతాంది! సమ్మమ్మా, పిల్లనెత్తుకొని గడ్డకెక్కు బిడ్డా!"

చెరువు లోపల సుడి తిరిగే చోటు వెతికి, పొద్దుగూకేదాకా మట్టి బస్తాలు దింపితే గానీ ధార ఆగలేదు. ఆగిందని ఎవరు చెప్పినా ఆయన నమ్మలేదు. చెయ్యి పెట్టి తడి చూస్తూనే ఉన్నాడు.

తెల్లారి సమ్మమ్మను అడిగాడు: "కట్ట కింద కొంగ ఉన్నదా బిడ్డా?"

"లేదు నాయినా. లోపలి ఒడ్డుకు పోయింది."

అప్పుడు గానీ చాయ్ నోట పెట్టలేదు.

ఊరు ఆయన్ని గుడ్డికొంగ అనడం మానలేదు. కాకపోతే కొత్త నీరడి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పోశయ్య పోయాక కూడా వానాకాలమంతా సమ్మమ్మ ముందు కట్ట కిందికి చూసేది, తర్వాతే పొయ్యి ముట్టించేది.