కుంకుమ పెట్టిన చెవి మిషను

మా బాపు ఎవరినీ నమ్మేవాడు కాదు. నార్కట్‌పల్లి చౌరస్తాలో ఆయనకు పంక్చర్ల దుకాణం ఉండేది. లారీ డ్రైవరు ఎంత పెద్దమనిషిలా కనిపించినా సరే, డబ్బు చేతిలో పడ్డాకే చక్రం బిగించేవాడు. నోటును ఎండకు పెట్టి చూసేవాడు. ఆ బుద్ధే నాకూ వచ్చింది. అంగడిలో వంకాయలు కొన్నా పై వరస తీసి కింద చూడందే నాకు మనసొప్పదు. అలాంటి మా ఇంట్లోనే మోసం జరిగింది, అదీ డబ్బు ముందు ఇచ్చి, సరుకు తర్వాత చూసుకుని. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అదంతా మా అవ్వ కోసం. అవ్వ అంటే బాపును కన్న తల్లి. పంతొమ్మిది వందల తొంభైలు మొదలయ్యేనాటికి ఆమెకు చెవులు దాదాపు పోయాయి. చెవుడు కన్నా ఆమెను ఎక్కువగా తినేసింది అనుమానం. అమ్మా నేనూ పప్పులో ఉప్పు గురించి మాట్లాడుకున్నా తన గురించే అనుకునేది. "నా మీద ఏం చెప్పుకుంటున్నరే?" అని గుడ్లురిమేది. సైగలు చేస్తే, "కోతుల లెక్క గా చేతులేంది?" అని మొహం తిప్పుకునేది. రానురాను మేం ఆమెకు ఏదీ చెప్పడమే మానేశాం. గోడకు ఆనుకుని మా పెదాల వంకే చూస్తూ కూచునేది. బాపు ఒకరోజు సగం తిన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. "మా అమ్మతోని నోరార మాట్లాడి ఎన్నొద్దులైందో," అన్నాడు.

అప్పుడు నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. ఒక వారపత్రికలో ఆ ప్రకటన చూసింది నేనే. చెవి మిషను పోస్టులో ఇంటికే వస్తుందట, నచ్చకపోతే నెల లోపల తిప్పి పంపితే పూర్తి సొమ్ము వాపసట. పక్కన నవ్వుతున్న ముసలాయన బొమ్మ. ఆ నవ్వే నాకు నచ్చలేదు. చెవుడు పోయినవాడు అలా పళ్లన్నీ బయటపెట్టి నవ్వడు, ముందు ఎవరేమంటున్నారో వింటాడు. కానీ సొమ్ము వాపసు అన్న మాట దగ్గర బాపు మెత్తబడ్డాడు. "ఇయ్యనోడు గట్ల అచ్చు కొట్టిస్తడా బిడ్డా?" అన్నాడు. మనిషి నోటిమాటను ఎన్నడూ నమ్మని ఆయన అచ్చులో ఉన్న మాటను నమ్మాడు.

పార్సిల్ వి.పి.పి.లో వచ్చింది. డబ్బు కట్టందే విప్పడానికి లేదన్నాడు పోస్ట్‌మాన్. బాపు ఒంటికాలి మీద లేచాడు. పార్సిల్‌ను ఊపాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, వాసన కూడా చూశాడు.

"నన్ను కోపం జేస్తే ఏమొస్తదన్నా? రూలు గట్ల ఉన్నది," అన్నాడు పోస్ట్‌మాన్.

దుకాణానికి కొత్త గాలి మిషను కొందామని దాచిన డబ్బు అది. బాపు పోస్ట్‌మాన్ మొహంలోకే చూస్తూ ఒక్కో నోటూ ఇచ్చాడు.

లోపల సబ్బుపెట్టెంత మిషను ఉంది, దానికో వైరు, వైరు చివర చెవిలో పెట్టుకునే బిళ్ల. నేను మీట తిప్పబోతుంటే అమ్మ నా చేతి మీద ఒక్కటేసింది. మా ఇంట్లో సైకిలైనా, కుట్టు మిషనైనా, చివరికి గోడ గడియారమైనా పసుపు రాసి బొట్టు పెట్టందే వాడింది లేదు. అమ్మ తడి వేళ్లతో పసుపు రాసి, సరిగ్గా నడుమ నిండుగా కుంకుమ పెట్టింది. ఆ నడుమ ఉన్నవి మాట లోపలికి పోయే చిల్లులు. అది మాకెవరికీ తట్టలేదు. కొబ్బరికాయ కొట్టాక అవ్వ మెడలో మిషను వేసి, చెవిలో బిళ్ల పెట్టి, మీట తిప్పాం.

"గుర్రుమంటాంది," అంది అవ్వ.

"అమ్మా!" అని బాపు మిషను దగ్గర నోరు పెట్టి పిలిచాడు. అవ్వ పలకలేదు. ఇంకోసారి పిలిచాడు. అవ్వ ఆ బిళ్ల పీకేసి, "నెత్తి నొస్తాంది, తీసేయుండ్రి," అంది.

వారం తిరక్కుండా మిషను తిప్పి పంపాం. అది పోయినంత వేగంగానే వెనక్కి వచ్చింది, ఒక ఇంగ్లిషు ఉత్తరంతో. సరుకు మీద పసుపు మరకలున్నాయట, ఎర్రపొడి లోపలికి పోయి మిషను పాడైందట, తప్పు మాదేనట. గ్యారంటీ కార్డు వెనక చీమ తలకాయలంత అక్షరాల్లో అసలు సంగతి ఉంది: వాడని, మరక లేని సరుకునే తిప్పి తీసుకుంటారు. చదివి నాకు చిర్రెత్తుకొచ్చింది. వాడకుండా నచ్చిందో లేదో ఎట్లా తెలుస్తుంది? అమ్మ మాత్రం ఆ సాయంత్రం పొయ్యి ముందు కూచుని, "నా చెయ్యి ఇరగ," అని ఏడ్చింది. ఏమో, నిజంగా కుంకుమ వల్లే చెడిందేమో అని నాకూ లోలోపల ఒక పురుగు తొలిచేది. కుంకుమకు ముందు ఎవరూ మీట తిప్పి చూడలేదు కదా.

దుకాణం పక్కన చాయ్ హోటల్ నడిపే చాచా దారి చూపించాడు. "ఫికర్ జెయ్యకు భాయ్. నల్లగొండల వినియోగదారుల ఫోరం పెట్టిన్రంట. వకీలు గూడ అక్కర లేదు, కాయిదం మీద రాసిస్తే సాలంట."

ఊరికే న్యాయం చేస్తారంటే బాపుకు అదీ అనుమానమే. అయినా నాతో అర్జీ రాయించాడు. ఆ డబ్బు వస్తేనే అవ్వకు అసలైన మిషను కొనగలం, లేకపోతే ఆమెకిక ఈ గోడే గతి. వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. కాళ్లరిగేలా తిరిగాక కంపెనీ తరఫున ఒక వకీలు వచ్చాడు. మరుసటి వాయిదాకు ముసలమ్మను తీసుకురమ్మన్నారు.

అవ్వకు కొత్త చీర కట్టించి, మెడలో ఆ మిషను వేసి బస్సెక్కించాం. ఎక్కడికి, ఎందుకు అని అడుగుతూనే ఉంది. బాపు దేవుడున్నాడన్నట్టు ఆకాశం వైపూ, తర్వాత నల్లగొండ వైపూ చూపించాడు.

ఫోరంలో పైన తీర్పు చెప్పే మెంబర్లు ముగ్గురు కూర్చున్నారు, అందులో ఒకామె. బాపు చేతులు కట్టుకుని వాళ్ల ముందు నిలబడ్డాడు. కుంకుమ పోయడం వల్లే మిషను చెడిందని వకీలు గొంతు చించుకున్నాడు. తర్వాత అవ్వ వైపు తిరిగి, తన చెవి మీద వేలు పెట్టి చూపిస్తూ అడిగాడు, "వినపడుతున్నదామ్మా?"

అవ్వ ఒకసారి బాపును చూసింది. నిటారుగా నిలబడింది. "మంచిగ ఇనవడ్తాంది సారూ. నా కొడుకు తెచ్చిండు. మస్తు ఇనవడ్తాంది," అంది.

బాపు మొహంలో నెత్తురు చుక్క లేదు. వకీలు మొహం వెలిగిపోయింది.

అప్పుడు పైన కూర్చున్నామె, "ఇంతకీ చెడిపోయిందంటారా, పనిచేస్తోందంటారా? ఏదో ఒకటి చెప్పండి," అంది. వకీలు తన కాగితాలు తిరగేయసాగాడు. ఆమె ఫైలు నోటికి అడ్డం పెట్టుకుని అవ్వను అడిగింది, "నీకెందరు పిల్లలమ్మా?"

"మంచిగ ఇనవడ్తాందమ్మా."

"ఏం కూర తిన్నవ్?"

"మస్తు ఇనవడ్తాంది."

హాలంతా నవ్వింది. బాపు నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకొకటే ఆలోచన. ఇంట్లో గుర్రుమంటాందన్న మనిషి అక్కడ ఎందుకలా అంది? మేం లేనప్పుడు కంపెనీ మనిషెవడైనా వచ్చి ఏదైనా చేతిలో పెట్టాడా? సంచి వెతుకుదామా అనిపించింది. ఆమె మాత్రం దారంతా బాపు భుజం పట్టుకుని కూచుంది. దిగేదాకా వదల్లేదు.

తీర్పు మాకే అనుకూలంగా వచ్చింది. బొట్టు పెట్టడం తప్పు కాదని, తమ ఇంట్లో కుక్కర్‌కూ పెడతామని ఆ మెంబరమ్మ అన్నది. కానీ మిషను వెల మాత్రమే ఇప్పించారు. పోస్టు ఖర్చులూ, బస్సు కిరాయిలూ, పోయిన పనిదినాలూ మావే. తీర్పు కాగితం వచ్చింది కదా అని డబ్బూ రాలేదు. కంపెనీ నోరు మెదపలేదు. మళ్లీ అర్జీ పెట్టి, జైలు దాకా పోతుందని ఫోరం నుంచి నోటీసు పోయాక గానీ డీడీ రాలేదు. గెలిచాం అని అవ్వ చెవిలో ఎంత అరిచినా ఆమెకు ఎక్కలేదు. మేం నవ్వితే అనుమానంగా చూసేది.

ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ఆమెను హైదరాబాద్ తీసుకుపోయాం. ఈసారి బాపు దుకాణంవాడికి ముందే చెప్పాడు, "చెవుల పెట్టి సూశినంకనే పైసలు." దుకాణంవాడు నవ్వి, ఒక్కో మిషనూ పెట్టి చూస్తూ వచ్చాడు. ఒకదాని మీట సర్ది బాపుకు సైగ చేశాడు. బాపు ఆమె వెనక్కి పోయి, మామూలు గొంతుతో, "అమ్మా," అన్నాడు.

అవ్వ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. బాపును కింది నుంచి పై దాకా చూసింది. రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని, దుకాణంవాడికి వినపడకూడదని గొంతు తగ్గించింది.

"బిడ్డా, గా నల్లకోటోళ్లు నిన్ను ఇడిసిపెట్టిన్రా? మిషను మంచిగున్నదనే చెప్పిన నేను. నీ మీద మాట రానియ్యలే."

అంటే ఇన్ని నెలలూ ఆమె లెక్కలో దొంగ మా బాపే. చెడ్డ మిషను తెచ్చాడని కొడుకును కచేరీలో నిలబెట్టారని ఆమె అనుకుంది. మేం ఒక్క ముక్క చెప్పలేదు, ఆమె ఒక్క ముక్క వినలేదు.

బాపు ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు.

"ఇడిసిపెట్టిన్రమ్మా," అన్నాడు. "నీ మాట మీదనే ఇడిసిపెట్టిన్రు."