చిన్న సైజులో తీసిన మణికట్టు

ఇలా కూర్చో తల్లీ. ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను దీన్ని. మీ తాతయ్యకి కూడా చెప్పలేదు. దేవుడికి చెప్పానా అంటే, అదీ సగమే.

ఏలూరు ఆస్పత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేసేదాన్ని కదా. చెయ్యి తిప్పుతుంటే లోపల ఎముకలు కదలడం సినిమాలా తీసే మిషను ఉండేది. ఒక్కో బొమ్మలో ఎముక అంచు మీద నేను చుక్క పెట్టాలి. ఆ చుక్కల్ని బట్టి ఎముక ఎంత జరిగిందో కంప్యూటర్ చెప్పేది. పెద్ద సైజులో తీస్తే అంచు గీత గీసినట్టుంటుంది, కానీ సేవ్ అవడానికి చాలాసేపు పట్టేది. అందుకని సాయంత్రమైతే చిన్న సైజు పెట్టేసేదాన్ని. ఇంటికెళ్లడానికి తాడేపల్లిగూడెం బండి అందాలి. అంతే కారణం. ఇంకేదైనా పెద్ద కారణం దొరుకుతుందేమోనని ఎన్నిసార్లు వెతుక్కున్నానో.

కలిదిండి నుంచి మరియమ్మ అని ఒకావిడ వచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. కుడి మణికట్టు తిప్పితే లోపల టక్కుమంటోందంది. చిన్న సైజులోనే తీశాను. రెండు ఎముకలు విడిపోతున్నాయా లేదా అన్నది చూడాలి. విడిపోయేది ఆవగింజంత. ఆ బొమ్మలో ఆ కాస్త చోటూ అలుక్కుపోయింది. చుక్కలు అంచనాగా పెట్టాను. ఎముకలు విడిపోవట్లేదని వచ్చింది కంప్యూటర్లో.

మర్నాడు డాక్టరు గారు అడిగారు. "ఏవండీ, అంచు ఇంత మసగ్గా ఉంది, ఈ చుక్కలు నమ్మొచ్చా?"

"నమ్మొచ్చండి. పాత మిషను కదండీ, ఇంతే వస్తుంది."

"మళ్లీ తీద్దామంటారా?"

"పాపం, ఆవిడ అంత దూరం నుంచి రావాలి కదండీ."

జాలిపడుతున్నట్టు అన్నాను, చూశావా. అదే నన్ను తినేస్తోంది.

పట్టీ వేసి పనికి పంపేశారు. ఎనిమిది నెలలకి మళ్లీ వచ్చింది. లోపలి ఎముకలు ఒకదాని మీదకి ఒకటి ఒరిగిపోయి అరిగిపోయాయి. ముందే తెలిస్తే ఆపరేషన్‌తో నిలబెట్టేవాళ్లమన్నారు డాక్టరు గారు. నేనక్కడే నుంచుని ఉన్నాను. నా మొహం చూసి ఆవిడే నన్ను ఓదార్చింది. "మీరేం చేస్తారులెండి అమ్మగారూ, మీ మిషను పాతదంటగా."

మిషను మంచిదే. అది రాయి. తప్పు నాదని రాయి. ఆవిడ ఎక్కడుందో కనుక్కోలేదు. కుదరకా? కాదు, భయమేసి. రాశావా? పైకి అన్నాక కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.

అదిగో, "అత్తయ్యా, అన్నం చల్లారిపోతోందండీ" అంటోంది మీ అమ్మ. వస్తున్నానమ్మా. ఇంకొక్కటి రాయి తల్లీ, ఆవిడ ఆ కుడిచేత్తో ఇంకెప్పుడూ రొయ్యల పని చెయ్యడం కుదరదని ఆ రోజే అన్నారు డాక్టరు గారు.