అమ్మ కలిపిన మందు

ఎనభైల్లో తెల్లదోమ మా గుంటూరు వైపు పత్తిచేలను పీల్చి పిప్పి చేసింది. అప్పుడు నేను వ్యవసాయ కాలేజీలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. మా పేటలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేనే. నా చదువు పదిమందికీ ఉపయోగపడాలని పాస్టరుగారు ఆదివారం ఆదివారం ప్రార్థన చేయించేవారు. ఆ ప్రార్థనలు ఫలించాయి లెండి.

ఒక పొడిమందు ఎన్ని రోజులకోసారి కొడితే తెల్లదోమ తగ్గుతుందన్నది నా పరిశోధన. కాలేజీ పొలంలో కాదు, రైతు పొలంలోనే చేయాలన్నారు మా ప్రొఫెసరుగారు. మా అమ్మ కూలికెళ్ళే ఆసామి రెండెకరాల పత్తి చూపించాడు.

మా ఊళ్ళో మందు కొట్టేది మగవాళ్ళు, కలిపేది ఆడవాళ్ళు. డ్రమ్ములో నీళ్ళు పోసి, పొడి వేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపేవారు. కర్ర వాడితే ఆసాములు ఒప్పుకునేవారు కాదు. అడుగున ఒక్క ఉండ మిగిలినా పంపు పూడిపోతుంది. ఉండ తగిలితే కర్రకేం తెలుస్తుంది, చేతికైతే తెలుస్తుంది. ఆ పనిలో అమ్మకు పెద్ద పేరు. "నువ్వు కలిపితే పంపు ఆగదే" అని ఆసామి అంటే మురిసిపోయేది. నా ప్రయోగానికీ అమ్మే కలిపింది. నేను ఆ పక్కనే వంగి, ఆకుల అడుగున దోమలు లెక్కపెట్టి రాసుకున్నాను. కాలేజీ ల్యాబులో అదే పొడిని తూచేటప్పుడు నేను రబ్బరు తొడుగులు వేసుకునేదాన్ని. చేలో నా మొహం మండ, ఆ ఆలోచనే రాలేదు.

పదిహేను రోజులకు కాదు, వారానికోసారి కొట్టాలని తేల్చాను. ఊరంతా నా మాట విన్నారు. "ఒరేయ్, మనూరి పిల్ల చెప్పిందిరా, వారం దాటనీబాకండి" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఒక్కో ఆసామి ఒక్కో రోజు పిలవడంతో అమ్మ చెయ్యి రోజూ డ్రమ్ములోనే ఉండేది. తమ థీసిస్ బీరువాలో చెదలు తినేశాయని ఏడ్చేవాళ్ళను చూశాను. నాది కూడా తినేసి ఉంటే ఎంత బాగుండేది!

రెండో పంటకు అమ్మ కుడిచెయ్యి తోలు ఊడింది. ఆ తర్వాత వేళ్ళు వణకడం మొదలైంది. మిరపకాయ కొయ్యడానికి కూడా పట్టు చిక్కక, కోతలకు పిలవడం మానేశారు. ఆ ఏడే కాలేజీ పూర్వవిద్యార్థుల సభలో, పరిశోధనను పల్లెకు చేర్చినందుకు నాకు శాలువా కప్పారు. సిగ్గులేకుండా కప్పించుకున్నాను.

మర్నాడు ఇంటికొచ్చేసరికి అమ్మ ఎడంచేత్తో అన్నం తింటోంది. నాకెక్కడలేని కోపం తన్నుకొచ్చింది. నా మీద నాకొచ్చిన కోపం అది. చూపించింది మాత్రం అమ్మ మీదే.

"మొదటి రోజే మంట పుట్టి ఉంటుందిగా! నోరు లేదా నీకు? నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను.

అమ్మ నోట్లో ముద్ద మింగింది.

"పుట్టింది. మొదటి రోజే పుట్టింది. నువ్వక్కడే ఉండావుగా అమ్మా, చూస్తానే ఉండావుగా. అంత చదువుకున్నదానివి, ప్రమాదమైతే నువ్వే చెప్తావులే అనుకున్నా."