వెర్నన్ కాళ్ల దగ్గరి కాగితం

ఏడాదికోసారి బల్గేరియాలోని మా ఊరు ప్లోవ్‌దివ్‌కి వచ్చే అమెరికా బ్యాండులో వెర్నన్ టాకెట్‌ది ఒళ్లో పెట్టుకుని వాయించే గిటారు. అరవై దాటిన మనిషి. లావుపాటి వేళ్లు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నల్ల మార్కరు. వాయించేటప్పుడు తల ఎత్తడు, జనం వైపు చూడడు. పొగరని మావాళ్లకు కాస్త కోపం కూడా. మధ్యాహ్నం మిగతా నలుగురూ భోజనానికి వెళ్తే తను ఖాళీ స్టేజీ అంచున కూర్చుని, క్లబ్బువాళ్లిచ్చిన జున్ను రొట్టె, బనిత్సా, సగం తిని, సగం పొట్లం కట్టి, సాయంత్రం పాటల జాబితాలు అయిదు రాస్తాడు. ప్రతి దానిమీదా ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒకసారి మా రాజధాని సోఫియాలో వాళ్ల పాటగాడు పొరపాటున పక్క దేశం ఊరి పేరు పట్టి "బుఖారెస్ట్, బాగున్నారా!" అని అరిచి హాల్లో అందరి చేతా తిట్లు తిన్నాడు. అప్పటినుంచీ ఈ పని వెర్నన్‌దే. ఎవరు నిలబడే చోట వాళ్ల జాబితాను మోకాళ్ల మీద వంగి టేపుతో నేలకు అంటిస్తాడు.

ఈసారి స్టేజీ ఊడుస్తున్న స్తోయాంకా అతని కుర్చీ ముందు అంటించిన కాగితం మీది ఊరి పేరు చదివి చీపురు ఆపింది.

"ఏంటి పెద్దాయనా, మళ్లీ తప్పేనా? కోల్డ్‌వాటర్ ఏంటి, కోల్డ్‌వాటర్? మావాళ్లు చూస్తే తంతారు!"

వెర్నన్ మార్కరుకి మూత పెట్టాడు.

"తప్పు కాదమ్మా, అది మా ఊరు. మీ ఊరి పేరు ఆ నలుగురికీ రాశాను. వాళ్లు జనంతో మాట్లాడాలి. నా ముందు మైకు ఉండదుగా."